ఎదుటి బెర్తు మీది మనిషి

యాత్రా సాహిత్యాన్ని మన విమర్శకులు చాలాకాలంగా చిన్నచూపు చూస్తూ వచ్చారు. కథకూ, కవితకూ, నవలకూ వేసే ప్రశ్నలు - వస్తువేమిటి, దృక్పథమేమిటి, రచయిత ఎవరి పక్షాన నిలబడి రాశాడు - యాత్రా గ్రంథానికి వేయరు. ఊళ్ళ పేర్లూ, దూరాలూ, హోటళ్ళ వర్ణనలూ ఉన్న పుస్తకానికి దృక్పథమెందుకనుకుంటారు కాబోలు. కాని రైలుపెట్టెలో కిటికీ పక్కన కూర్చున్న మనిషి కిటికీలోంచి కనిపించేవన్నీ చూడడు. చూడదలచినవే చూస్తాడు. చూసినవాటిలో రాయదలచినవే రాస్తాడు. దృక్పథమంతా ఈ ఎంపికలోనే ఉంది. భార్యాభర్తలు కలిసి పరాయి దేశాల గుండా దూరపు రైలు ప్రయాణాలు చేసి, ఆ ప్రయాణం పుస్తకమైనప్పుడు, ఆ ఎంపిక ఎవరి చేతిలో ఉంటున్నది? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఇదే. ప్రధానంగా ఎరిక్ న్యూబీ 1978లో ప్రచురించిన 'ది బిగ్ రెడ్ ట్రెయిన్ రైడ్' అనే పుస్తకాన్ని తీసుకుంటున్నాను. ఆ పుస్తకం గొప్పదని కాదు. దాని లోపాలు మనవి కూడా కాబట్టి.

ముందుగా ఒంటరి ప్రయాణికుడి సంగతి చెప్పుకోవాలి. 1973 సెప్టెంబరులో పాల్ థెరూ అనే అమెరికన్ రచయిత లండనులో రైలెక్కి, యూరపు, టర్కీ, ఇరాను మీదుగా మన దేశం వచ్చి, ఢిల్లీ నుంచి గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు చేరి, అక్కడి నుంచి సింహళం వెళ్ళివచ్చి, హౌరా మెయిలులో కలకత్తా వెళ్ళి, బర్మా, సయాం, మలయా, వియత్నాం, జపాను చుట్టి, ట్రాన్స్ సైబీరియన్ రైలులో నాలుగు నెలలకు ఇల్లు చేరాడు. ఓరుగల్లూ, బెజవాడా, రాజమండ్రీ ఆయన కిటికీ పక్కనుంచే పోయాయన్నమాట. ఆ ప్రయాణం 1975లో 'ది గ్రేట్ రైల్వే బజార్' అయింది. ఇంగ్లీషులో రైలు యాత్రల పుస్తకాలకు కొత్త గిరాకీ తెచ్చిపెట్టిన పుస్తకమది. చమత్కారం ఉంది, సంభాషణలు నడపటంలో నేర్పు ఉంది, తోటి ప్రయాణికులను నాలుగు గీతల్లో బొమ్మ కట్టే చెయ్యి ఉంది. లండనులో దిగవిడిచి వచ్చిన భార్యా, ఇద్దరు చిన్న పిల్లలూ మాత్రం దాదాపు లేరు.

ముప్పై మూడేళ్ళ తర్వాత అదే మనిషి వీలున్నంత మేరకు అదే దారిలో మళ్ళీ తిరిగి 2008లో మరో పుస్తకం వేస్తూ, మొదటి యాత్రనాటి నిజం బయటపెట్టాడు. ఆనాడు భార్య వెళ్ళవద్దంది. వినకుండా వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి ఆమె జీవితంలో మరొకరున్నారు. కోపంతో, అవమానంతో ఉడికిపోతూ కూర్చుని ఆ ఉల్లాసభరితమైన పుస్తకాన్ని రాశాడు. కోపం ఒక్క పేజీలో కూడా కనబడకుండా జాగ్రత్తపడ్డాడు. ఆయన నిజాయితీని మెచ్చుకునేవారు మెచ్చుకోవచ్చు. నాకు ముఖ్యంగా తోచేది వేరు. ఒక మనిషిని నాలుగు నెలల కథలోంచి పూర్తిగా కొట్టివేసినా ప్రపంచమంతటా లక్షలమంది పాఠకులకు ఎక్కడా వెలితి అనిపించలేదు. ఒంటరి పురుషుడు రైలెక్కటం, ఆడమనిషి ఇంటి దగ్గర ఉండటం ఆ ప్రక్రియకు అంత సహజమైపోయింది. ఇది వ్యక్తి లోపం కాదు, ప్రక్రియ లోపం.

అయితే ఆ ఆడమనిషి కూడా రైలెక్కి ఎదుటి బెర్తు మీద కూర్చుంటే ఈ లోపం పోతుందా? న్యూబీ పుస్తకం ఇక్కడ పనికివస్తుంది.

ఎరిక్ న్యూబీ (1919-2006) మన దేశానికి కొత్తవాడు కాదు. 1963 శీతకాలంలో భార్య వాండాతో కలిసి హరిద్వారంలో పడవ ఎక్కి గంగ మీద సముద్రం దాకా ప్రయాణించి పుస్తకం రాశాడు. హరిద్వారం దిగువన నీళ్ళు చాలక పడవ అడుగడుగునా రాళ్ళకు తగులుకుంటుంటే మొగుడూ పెళ్ళామూ దిగి తోసిన మనుషులు వాళ్ళు. ఈ పడవ తొయ్యటం ఎందుకు జ్ఞాపకం చేస్తున్నానంటే, వాండా విహారానికి వెంట తెచ్చుకున్న అలంకారం కాదు; శ్రమలో సగం ఆమెది. పుస్తకం మీద పేరు మాత్రం ఒక్కటే.

1977లో వాళ్ళిద్దరూ మాస్కోలో రైలెక్కి, పసిఫిక్ తీరాన ఉన్న నఖోద్కా వరకు వెళ్ళారు. వ్లాదివస్తోక్ ఆనాడు విదేశీయులకు మూసిన రేవు. 1992 దాకా తెరవలేదు. మాస్కో నుంచి వ్లాదివస్తోక్‌కు రైలు దారి 9,288 కిలోమీటర్లు. మద్రాసు నుంచి ఢిల్లీకి వెళ్ళి, వచ్చి, మళ్ళీ వెళ్ళి, మళ్ళీ వచ్చినా ఆ దూరం పూర్తికాదు. ఏడు గంటల కాలభేదం దాటుతుంది. అయినా ఆనాడు దారి పొడుగునా స్టేషను గడియారాలు మాస్కో టైమే చూపించేవి. బయట తెల్లవారుతుంటే గడియారంలో ఇంకా అర్ధరాత్రే. పెట్టెకు ఇద్దరు స్త్రీలు వంతులవారీగా కాపలా. పక్కలు ఇవ్వటం, ఊడవటం, పెట్టె చివర సమోవారు కింద నిప్పు ఆరకుండా చూడటం, గాజు గ్లాసుల్లో టీ తెచ్చివ్వటం, ప్రతి స్టేషనులోనూ గడ్డకట్టే చలిలో దిగి టిక్కెట్లు చూడటం వాళ్ళ పని. న్యూబీ దంపతులతోపాటు ప్రయాణం చేసినవారు మరో ఇద్దరు: ఒక జర్మన్ ఫొటోగ్రాఫరు, సోవియట్ అధికార సంస్థ తరఫున నియమించబడ్డ ఒక మార్గదర్శి.

భార్య పక్కన ఉండటం వల్ల ఈ రచనకు కలిగిన లాభం చిన్నది కాదు. థెరూ తన అభిప్రాయాన్ని తానే నిర్ణయించి, తానే తీర్పు చెబుతాడు. అడ్డు చెప్పేవాళ్ళు లేరు. న్యూబీకి అడ్డు చెప్పే మనిషి ఎదురుగానే ఉంది. ఆయన దృశ్యాన్ని చూసి మురిసిపోతే ఆమెకు తిండి సంగతీ, నిద్ర సంగతీ, ఖర్చు సంగతీ గుర్తుకొస్తాయి. యాత్రికుడి గాంభీర్యం ఎప్పటికప్పుడు పంక్చరవుతూ ఉంటుంది. పాశ్చాత్య యాత్రికులకు జబ్బుగా మారిన వీరత్వం ఈ పుస్తకంలో లేకపోవటానికి వాండాయే కారణం. ఆ మేరకు ఇద్దరి ప్రయాణం ఒంటరి ప్రయాణం కంటె సత్యానికి దగ్గరగా ఉంటుందని ఒప్పుకోవాలి.

కాని ఇక్కడే చిక్కు. ఆ అడ్డు చెప్పే గొంతును కాగితం మీద పెట్టేది కూడా ఆయనే. వాండా మాతృభాష స్లొవీన్. ఇంగ్లీషు ఆమెకు తర్వాత పట్టుబడ్డ భాష. ఆమె మాట్లాడే ఇంగ్లీషు వంకరలను న్యూబీ తన పుస్తకాలన్నిటిలోనూ ప్రేమగానే, కాని నవ్వు పుట్టేటట్టుగా, దించుతాడు. మన నాటకాల్లో నాయకుడు గ్రాంథికం మాట్లాడుతుంటే వంటావిడ యాసలో మాట్లాడేది. ఆమె నోట ఎంత నిజం పలికించినా ప్రేక్షకుడు ముందు నవ్వేవాడు, ఆ తర్వాతనే వినేవాడు. వాండా మాట నిజమవుతూనే హాస్యమైపోతుంది. ఎదుటి బెర్తు మీది మనిషి రచయిత తప్పులను దిద్దే పాత్రగా ఉంటుందే తప్ప, తనకంటూ చూపు ఉన్న మనిషిగా ఎదగదు.

ఆ చూపు ఎలాంటిదై ఉండవచ్చునో తెలుసుకోవాలంటే ఆమె జీవితం చూడాలి. వాండా పుట్టింది అడ్రియాటిక్ పైనున్న కార్స్ట్ పీఠభూమిలోని ఒక స్లొవీన్ పల్లెలో. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత 1920 రపాల్లో ఒడంబడికతో ఆ ప్రాంతం ఇటలీ కిందకు పోయింది. ముస్సోలినీ వచ్చాక బడిలో స్లొవీన్ నిషేధం, ఊళ్ళ పేర్లూ ఇంటిపేర్లూ ఇటాలియనులోకి మార్పు. స్లొవీన్ ఉపాధ్యాయులను అక్కడే ఉంచితే ప్రమాదమని ఎక్కడెక్కడి ఇటాలియన్ ఊళ్ళకో బదిలీ చేశారు. ఆమె తండ్రి బడిపంతులు. 1930ల మొదట్లో, ఆమె చిన్నపిల్లగా ఉండగా, కుటుంబమంతా మూటాముల్లె కట్టుకుని పార్మా దగ్గర ఫోంటనెల్లాటోకు తరలిపోవలసి వచ్చింది. అక్కడే 1943లో, ఇటలీ లొంగిపోయిన రోజుల్లో, యుద్ధఖైదీల శిబిరం నుంచి కుంటుకుంటూ బయటపడ్డ ఒక ఇంగ్లీషు యువకుణ్ణి జర్మన్ల కంట పడకుండా దాచటానికి తోడ్పడింది. అతనికి ఇటాలియను నేర్పింది. దొరికితే కుటుంబానికి కుటుంబం నాశనమయ్యే పని అది. ఆ యువకుడే న్యూబీ. 1946లో పెళ్ళి చేసుకున్నారు.

ఇప్పుడు ఆ మనిషిని సైబీరియా రైలులో కిటికీ పక్కన కూర్చోబెట్టండి. సైబీరియా అంటే ఏమిటి? ప్రభుత్వానికి ఇష్టంలేని మనుషులను వాళ్ళ ఊరి నుంచి పెరికి తీసుకుపోయి వదిలిపెట్టిన నేల. ఆ దారిన దంపతుల ప్రయాణాలు రైలు పడక ముందునుంచీ ఉన్నాయి. 1825 డిసెంబరు తిరుగుబాటులో పట్టుబడిన ప్రభువంశీయులను ఖైదుకు పంపితే, 1826 నుంచి వాళ్ళ భార్యలు ఒక్కొక్కరుగా గుర్రపు బళ్ళలో ఆ దారి పట్టారు. హోదా వదులుకుంటున్నట్టు, అక్కడ పుట్టే పిల్లలకు ప్రభు వంశపు హక్కులు ఉండవని ఒప్పుకుంటున్నట్టు సంతకాలు పెట్టించుకున్నారు. వోల్కోన్‌స్కయా చంటిబిడ్డను వదిలి వెళ్ళింది. త్రుబెత్‌స్కయాను ఇర్కూత్‌స్క్ గవర్నరు నెలల తరబడి ఆపి, వెనక్కి పొమ్మని బెదిరించాడు, ఆమె పోలేదు. ఇర్కూత్‌స్క్‌లోని ఒక మఠం ఆవరణలోనే ఆమె సమాధి. 1898లో క్రూప్‌స్కయా తనకు విధించిన ప్రవాసాన్ని షూషెన్‌స్కొయె గ్రామానికి మార్చమని కోరింది, తల్లిని వెంటబెట్టుకుని లెనిన్ ఉన్నచోటికి చేరింది. వెంటనే పెళ్ళి చేసుకోవాలన్న షరతు మీదనే జారు పోలీసులు ఒప్పుకున్నారు. ఇవి చరిత్రకెక్కిన పేర్లు. పేర్లు లేనివాళ్ళు ఎంతమందో. 1890లో, రైలు ఇంకా లేనప్పుడు, బళ్ళ మీదా పడవల మీదా సఖాలిన్ దీవికి వెళ్ళి ఇంటింటికీ తిరిగి వేల కార్డులు నింపుకొచ్చిన చేహోవ్, శిక్షపడ్డ భర్తల వెంట తమంతట తాముగా వచ్చిన ఆడవాళ్ళ బతుకులు అక్కడ ఏమయ్యాయో రాసిపెట్టాడు. వచ్చిన కొన్నాళ్ళకే ఆశ అడుగంటిన ఆడవాళ్ళు వాళ్ళు.

న్యూబీకి ఈ చరిత్ర తెలియదని కాదు. జారు కాలపు ప్రవాస శిక్షల గురించి చదువుకునే బయలుదేరాడు. కాని అది ఆయనకు పుస్తకాల నుంచి వచ్చిన సమాచారం. ఆమెకు తండ్రి బదిలీ ఉత్తరువు. బలవంతాన కదిలించబడ్డ కుటుంబపు పిల్ల, కదిలించబడ్డవాళ్ళ దేశం గుండా వారం రోజులు ప్రయాణించింది. ఆ వారం రోజులూ ఆమె మనసులో ఏం తిరిగింది? పుస్తకం అడగలేదు. అడిగివుంటే అది విహారయాత్ర కాకుండా మరేదో అయ్యేది. అలా కానివ్వకుండా కాపాడింది హాస్యం. థెరూ ఉల్లాసం ఒక కోపాన్ని దాచిపెడితే, న్యూబీ హాస్యం ఒక జ్ఞాపకాన్ని పక్కకు నెట్టింది. మొదటిది కావాలని చేసిన పని. రెండోది తెలియక చేసింది. అందుకే ఎక్కువ ఆలోచించవలసింది రెండోదాన్ని గురించే. వాండా తన బాల్యాన్ని, ఫాసిస్టు ఇటలీలో పెరిగిన తీరును తానే రాసుకుని పుస్తకంగా తెచ్చేసరికి 1991 వచ్చింది.

ఇద్దరి అనుభవాన్ని ఇద్దరి కలాలతో చెప్పించటం అసాధ్యమేమీ కాదు. 1935లో పెకింగులో బయలుదేరి చైనా తుర్కిస్తాను మీదుగా కాశ్మీరం చేరిన పీటర్ ఫ్లెమింగ్, ఎల్లా మయార్ - వాళ్ళు దంపతులు కారు, దారి కలిసిన ఇద్దరు ప్రయాణికులు - ఒకే ప్రయాణాన్ని రెండు పుస్తకాలుగా రాశారు. ఆయన ఎప్పుడెప్పుడు ఇల్లు చేరదామా అని తొందరపడిన చోట ఆమె ఇంకా కొన్నాళ్ళు ఉండిపోదామనుకుంది. రెండూ చదివితేనే ఆ దారి మనకు తెలుస్తుంది. అంత దూరం పోనక్కరలేదు. ఉప్పల లక్ష్మణరావు గారి 'అతడు - ఆమె' మన ఇంట్లోనే ఉంది. భార్యాభర్తల డైరీలుగా నడిచే ఆ నవలలో, అతని పేజీ చదివి ఓహో అనుకున్న పాఠకుడు ఆమె పేజీకి వచ్చేసరికి నాలిక కరుచుకుంటాడు. స్విట్జర్లాండు అమ్మాయిని పెళ్ళి చేసుకుని, దేశాలు తిరిగి, మాస్కోలో అనువాదకుడిగా ఏళ్ళ తరబడి పనిచేసిన ఆయనకు ఒక్క కలం చాలదని తెలిసింది.

మాస్కో ప్రస్తావన వచ్చింది కనుక నాలుగో మనిషి, ఆ మార్గదర్శి విషయానికి వస్తాను. ఏది చూపించాలో, ఏది చూపించకూడదో, ఎక్కడ కెమెరా ఎత్తకూడదో చెప్పటం అతని ఉద్యోగం. వంతెన ఫొటో తీయరాదు, స్టేషను తీయరాదు. న్యూబీ ఇతన్ని కూడా హాస్యపాత్రనే చేశాడు. ఇదే పుస్తకం మన పత్రికలకు ఆ రోజుల్లో సమీక్షకు వచ్చివుంటే ఏం రాసేవాళ్ళమో ఊహించటం కష్టం కాదు: బూర్జువా యాత్రికుడు, సోషలిస్టు నిర్మాణాన్ని చూడలేని గుడ్డితనం, ప్రచ్ఛన్న యుద్ధపు వెక్కిరింత. అందులో కొంత నిజమూ ఉండేది. ఆ మార్గదర్శి కూడా ఒక ఉద్యోగి, అతనికీ ఇల్లూ పెళ్ళామూ ఉంటాయి, తిరిగి వెళ్ళి రిపోర్టు రాయకపోతే అతని బతుకేమవుతుంది అన్న ఆలోచన న్యూబీకి రాదు. సమోవారు దగ్గర రాత్రంతా మేలుకున్న స్త్రీ, వెళ్ళేప్పుడు వారం, వచ్చేప్పుడు వారం పిల్లలకు దూరంగా ఉంటుందన్న ఆలోచనా రాదు. దంపతుల ప్రయాణాన్ని రాస్తూ, ఆ ప్రయాణాన్ని నడిపించటానికి మొగుడికీ బిడ్డలకూ దూరమైన మనిషిని విసుగు మొహపు ఉద్యోగినిగా చూసి ఊరుకునే సంప్రదాయమది.

కాని ఏ మాటకామాటే చెప్పుకోవాలి. మనవాళ్ళు కూడా వెళ్ళారు. ప్రతినిధి వర్గాలుగా వెళ్ళారు, శాంతి సభలకు వెళ్ళారు, రచయితలుగా వెళ్ళారు. మార్గదర్శి వాళ్ళకూ ఉన్నాడు. ఆ మార్గదర్శిని న్యూబీ వెక్కిరించాడు. మనవాళ్ళు పూలగుత్తి తీసుకుని ధన్యవాదాలు చెప్పారు. ఇద్దరూ అతను చూపించిందే చూశారు. తేడా ఏమంటే, తనకు చూపించనిది ఉందని న్యూబీకి తెలుసు. మన సోవియట్ యాత్రా గ్రంథాలలో చాలావాటికి ఆ స్పృహే లేదు. ఇర్కూత్‌స్క్‌లో త్రుబెత్‌స్కయా సమాధిని గర్వంగా చూపించే ప్రభుత్వం 1930లలో అదే దారిన వచ్చినవాళ్ళ సమాధులను ఎందుకు చూపించదని అడిగినవాళ్ళు మనలో అరుదు.

న్యూబీ దంపతులు ప్రయాణిస్తున్న రోజుల్లోనే, వాళ్ళ దారికి ఉత్తరంగా బైకాల్ - అమూర్ రైలు మార్గం పడుతున్నది. 'సోవియట్ భూమి' చదివినవాళ్ళకు బామ్ అనే పేరు గుర్తుండే ఉంటుంది. 1974లో బ్రెజ్నేవ్ పిలుపు మీద కొమ్సొమోల్ యువతీ యువకులు ఉత్సాహంగా వెళ్ళారు. అక్కడే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, టైగా అడవిలో కాపురాలు పెట్టారు. ఆ ఉత్సాహం అబద్ధం కాదు. అయితే ఆ పనికి 1930లలోనే ఒక మొదలుంది. అప్పుడు దాన్ని మొదలుపెట్టింది శిబిరాల ఖైదీలు. యుద్ధం తర్వాత జపాను యుద్ధఖైదీలు కూడా పనిచేశారు. ఒకే పట్టా కింద ఈ రెండు శ్రమలూ ఉన్నాయి. పాత ట్రాన్స్ సైబీరియన్ మార్గం సంగతీ అంతే: 1891లో మొదలుపెట్టి 1916లో అమూర్ వంతెనతో పూర్తయ్యేదాకా రైతు కూలీలూ, సైనికులూ, చైనా కొరియా కూలీలూ, సఖాలిన్ నుంచి తెచ్చిన శిక్షపడ్డ ఖైదీలూ పనిచేశారు. శ్రమను గురించి అందరికంటె ఎక్కువ మాట్లాడినవాళ్ళం మనం. జారు కాలపు పట్టా కింది శ్రమను చూసిన కన్నుతోనే తర్వాతి పట్టా కింది శ్రమనూ చూసివుండవలసింది. చూడలేదు. చేహోవ్ తన కార్డులతో చూశాడు. ఆయనకు మార్గదర్శి లేడు.

సైబీరియా దూరం అనుకునేవారికి మరో రైలు మార్గం జ్ఞాపకం చేస్తాను. 1942-43లో జపాను సైన్యం సయాం నుంచి బర్మాకు వేయించిన 415 కిలోమీటర్ల పట్టా. అరవై వేలకు పైబడిన మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు దానిమీద పనిచేస్తే పన్నెండు వేలకు మించి చనిపోయారు. ఇది ప్రపంచానికి తెలుసు. పియేర్ బూల్ నవల (1952), దాని మీద డేవిడ్ లీన్ తీసిన సినిమా (1957) తెలియజేశాయి. ఖైదీలకు రెండు మూడు రెట్లు ఆసియా కూలీలు ఆ పనిలో ఉన్నారని, సుమారు తొంభై వేలమంది చనిపోయారని అంచనా. వాళ్ళు ఆ సినిమాలో నేపథ్యంలో కూడా సరిగా కనపడరు. వాళ్ళలో మలయా రబ్బరు తోటల నుంచి తీసుకుపోబడ్డ తమిళులున్నారు, తెలుగువాళ్ళున్నారు. కొందరు ఆలుబిడ్డలతో సహా, సామాన్ల పెట్టెల్లో కుక్కబడి, రోజుల తరబడి ప్రయాణించి ఆ అడవికి చేరారు. పరాయి దేశం గుండా ఆలుమగల దూరపు రైలు ప్రయాణం అంటే అది కూడా. మలేసియా తమిళ రచయితలు దాన్ని నవలల్లోకి తెచ్చారు. ఈనాడు కాంచనబురిలో ఆ వంతెన మీదుగా నామ్‌టోక్ దాకా రైలు నడుస్తున్నది. విహారానికి వచ్చిన దంపతులు కిటికీలోంచి ఫొటోలు తీసుకుంటారు. స్టేషనుకు దగ్గరలోనే సుమారు ఏడు వేల తెల్ల సైనికుల సమాధులు, ఒక్కొక్కదాని మీద పేరూ వయసూ రెజిమెంటూ చెక్కి, పచ్చిక కత్తిరించి, శుభ్రంగా ఉన్నాయి. కూలీలకు అలా పేరు చెక్కిన రాయి లేదు. కిటికీలోంచి కనపడని దాన్ని కనపడేలా చేయటం యాత్రా రచయిత బాధ్యత కాకపోతే మరెవరి బాధ్యత?

ఈ శతాబ్దంలో కలం చేతులు మారింది. మోనిషా రాజేష్ అనే భారత సంతతి బ్రిటిషు రచయిత్రి, కాబోయే భర్తతో కలిసి లండనులో బయలుదేరి, ఏడు నెలలలో ఎనభై రైళ్ళలో 45,000 మైళ్ళు తిరిగి 2019లో పుస్తకం ప్రచురించింది. రష్యా, మంగోలియా, చైనా, వియత్నాం, జపాను, కెనడా, ఉత్తర కొరియా, టిబెట్టు. ఇక్కడ రాసేది ఆమె, ఎదుటి బెర్తు మీద ఉన్నది అతను. చర్మం రంగు వల్ల పరాయి దేశంలో ఏ చూపులు ఎదురవుతాయో థెరూకు గాని న్యూబీకి గాని తెలియని సంగతి. ఈమెకు అది రోజువారీ అనుభవం. తోటి ప్రయాణికులతో మాట కలపటంలో ఆడమనిషికి తెరుచుకునే తలుపులు వేరు, మూసుకునేవి వేరు. 2012లో వచ్చిన ఆమె మొదటి పుస్తకంలో మన దేశపు రైళ్ళలో వెంట వచ్చిన ఫొటోగ్రాఫరుతో తగాదాలు పడి విడిపోయిన వైనం ఉంది. ఆ మొదటి పుస్తకంలో ఘర్షణ ఎక్కువ, రెండోదానిలో సౌఖ్యం ఎక్కువ. సాహిత్యానికి తగాదా చేసిన మేలు ప్రేమ చేయలేదేమోనని నాకు అనుమానం. ప్రేమికులు నొచ్చుకోకుందురు గాక.

ఆమె ఉత్తర కొరియా వెళ్ళేసరికి మార్గదర్శి మళ్ళీ ప్రత్యక్షమవుతాడు. న్యూబీ యాత్రకు నాలుగు దశాబ్దాల తర్వాత కూడా అదే ఉద్యోగం, అవే నిషేధాలు. లాసా దారిలో మార్గదర్శి చేసే పనిని రైలే చేస్తుంది. 2006లో తెరిచిన ఆ మార్గం 5,072 మీటర్ల ఎత్తున తంగ్గుల కనుమ దాటుతుంది. ప్రయాణికులకు గాలి చాలదని పెట్టెల్లోకి ఆక్సిజన్ పంపుతారు. గడ్డకట్టిన నేల కరిగి పట్టా కుంగకుండా చేసిన ఇంజనీరింగు నిజంగా అబ్బురమే. ఆ అబ్బురాన్ని చూస్తూ కూర్చున్నవాడికి, ఈ పట్టా ఎవరి కోసం, ఎవరి ఊళ్ళోకి, ఎవరినడిగి వేశారనే ప్రశ్న తట్టకుండానే ఊరు వచ్చేస్తుంది. బెర్తు ఎంత మెత్తగా ఉంటే ప్రశ్న అంత ఆలస్యంగా తడుతుంది. మూడో తరగతి బల్ల మీద ప్రయాణించినవాడికి నడుం నొప్పితోపాటే ఆ ప్రశ్న కూడా వస్తుంది. మన పాత యాత్రికులకు ఉన్న ఆ ఒక్క సదుపాయం ఇప్పటివాళ్ళకు లేదు.

ఎవరైనా ఈ పుస్తకాలను తెలుగు చేయదలిస్తే నాదొక మనవి. రైలు పుస్తకంతో మొదలుపెట్టవద్దు. ముందు వాండా బాల్యం తెలుగు చేయండి: కార్స్ట్ పల్లె, బడిలో నిషేధించిన భాష, తండ్రికి వచ్చిన ఉత్తరువు, ఫోంటనెల్లాటో. అది చదివిన పాఠకుడి చేతికి ఆ తర్వాత న్యూబీ పుస్తకం ఇవ్వండి. మాస్కో స్టేషనులో రైలు కదిలేటప్పుడు, ఎదుటి బెర్తు మీద కూర్చున్నది ఎవరో అతనికి ముందే తెలిసి ఉంటుంది.